ఆరేళ్ల ఇంటరాక్టివ్ రీబేస్: కాన్‌ఫ్లిక్ట్ రాకపోతే సరిపోదు

కోడ్ మార్పుల చరిత్రను భద్రపరిచే గిట్‌లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇంటరాక్టివ్ రీబేస్ (ఆ చరిత్ర వరుసను తిరగరాసే పద్ధతి) మొదలుపెట్టగానే ఎడిటర్‌లో తెరుచుకునే కమిట్ల (సేవ్ చేసిన మార్పుల) జాబితా. లైను తీసి మరోచోట పెడితే కమిట్ అక్కడికి జరుగుతుంది. కమిట్ల చరిత్ర చూపే లాగ్‌లో కొత్తది పైన, ఇక్కడ పాతది పైన. ఆ తిరకాసు అలవాటయ్యాక నా బ్రాంచ్‌లు (విడిగా నడిపే కమిట్ల వరుసలు) రివ్యూ చేసేవాళ్లకు చదవడం తేలికైంది.

రెండు మార్పులు ఒకే చోట ఢీకొంటే గిట్ ఆగిపోతుంది, అదే కాన్‌ఫ్లిక్ట్. "కాన్‌ఫ్లిక్ట్ రాకపోతే వరుస సరిగ్గా ఉన్నట్టే" అని టీమ్‌లో కొత్తవాళ్లకు చెప్పేవాణ్ని. ఇప్పుడు చెప్పడం లేదు.

నిరుడు బిల్లింగ్ పని మీద పదకొండు కమిట్లున్న బ్రాంచ్ సర్దాను. పన్ను లెక్కకట్టే ఫంక్షన్ ఒక కమిట్‌లో, దాన్ని పిలిచే కోడ్ ఇంకో కమిట్‌లో ఉన్నాయి. పిలిచే కమిట్‌ను పైకి, ఫంక్షన్ కన్నా ముందుకు జరిపాను. ఫైళ్లు వేరు కాబట్టి గిట్ ఎక్కడా ఆగలేదు. పాత బ్రాంచ్‌తో డిఫ్ (తేడాల జాబితా) తీస్తే ఖాళీ. టెస్టులన్నీ పాస్. చివరి కోడ్‌లో ఒక్క అక్షరం కూడా మారలేదు, మరి పాస్ కాక ఏమవుతాయి! చెడింది మధ్యలో. ఇంకా పుట్టని ఫంక్షన్‌ను పిలుస్తూ వరసగా నాలుగు కమిట్లు మిగిలాయి.

మూడు నెలల తర్వాత పైసల రౌండింగ్‌లో తప్పు బయటపడింది. అదెక్కడ మొదలైందో పట్టుకోవడానికి మా టీమ్‌లో ఒకావిడ రాత్రి బైసెక్ట్ నడిపారు. అది చరిత్రను సగం సగం చేస్తూ తప్పు తెచ్చిన కమిట్‌ను వెతుకుతుంది. ఆ నాలుగు కమిట్లూ బిల్డ్ కాలేదు, అంటే వాటి కోడ్ నడిచే ప్రోగ్రామ్‌గా తయారవలేదు. స్కిప్ చేసుకుంటూ పోతే, చివరికి బైసెక్ట్ "ఈ ఐదింటిలో ఏదో ఒకటి" అని తేల్చింది: ఆ నాలుగు, వాటి తర్వాతిది. ఐదింటినీ ఇద్దరం కూర్చుని లైను లైను చదివాం. తెల్లవారింది. ఆవిడ నిద్ర చెడడానికి కారణం నేను మార్చిన వరుసే, అది ఇప్పటికీ బాధగా ఉంది.

అప్పటి నుంచి రీబేస్‌లోని ఎగ్జెక్ ఆప్షన్‌లో బిల్డ్ కమాండ్ ఇవ్వకుండా వరుస మార్చను. ప్రతి కమిట్ తర్వాత బిల్డ్ నడుస్తుంది, ఎక్కడ ఫెయిలైతే రీబేస్ అక్కడే ఆగుతుంది. దిద్దుబాటు కమిట్లను గిట్ తనంతట తానే సర్దే ఆటోస్క్వాష్‌కీ ఇదే పద్ధతి. ఫిక్సప్ కమిట్‌ను (పాత కమిట్‌ను దిద్దేది) దాని అసలు కమిట్ కిందికి చేర్చడం కూడా వరుస మార్చడమే కదా.

ఇదంతా నాకు కుదిరింది. మా బిల్డ్ నలభై సెకన్లు, పదకొండు కమిట్లకు ఏడెనిమిది నిమిషాలు. పుష్ చేసేదాకా, అంటే అందరికీ అందేలా పంపేదాకా, నా బ్రాంచ్‌ను ఇంకెవరూ ముట్టుకోరు. ఒకే బ్రాంచ్ మీద నలుగురు పనిచేసే చోట, జరిపిన దగ్గర్నుంచి కమిట్లను గుర్తించే హ్యాష్‌లన్నీ మారిపోయి మిగతావాళ్ల కాపీలతో పొసగవు కాబట్టి, నేనైతే దీని జోలికి వెళ్లను. బిల్డ్‌కు అరగంట పట్టే ప్రాజెక్ట్‌లో ఉంటే కమిట్లను వచ్చిన వరుసలోనే వదిలేసేవాణ్నేమో.