ఖాళీలు వదిలే ఓజోన్ లెక్క: ఓఎంఐతో ఇన్నేళ్ల వాడకం

ఆరా ఉపగ్రహం మీదున్న ఓజోన్ పరికరం ఓఎంఐ ఇచ్చే రోజువారీ అంకెల్ని పర్లాకిమిడిలో మా బడి పిల్లల కోసం చాలా ఏళ్లుగా దించుకుంటున్నాను. అందరూ దాని రంగుల పటాలు బాగుంటాయంటారు. నాకు నచ్చింది ఆ పటాల్లోని ఖాళీలు. కొలవలేని చోట అది అంకె వెయ్యదు. ఈ ఒక్క గుణం కోసమే దీన్ని వదల్లేకపోతున్నాను.

ఆ ఖాళీల వెనక కథ ఉంది. 2004 జులైలో ఎగిరిన కొత్తలో దీని చూపు 2,600 కిలోమీటర్ల వెడల్పు. ఆ వెడల్పుని 60 వరుసలుగా చూస్తూ, ఎండ పడే భూభాగమంతా ఒక్క రోజులో చుట్టేసేది. 2007 జూన్‌లో ఒకటి రెండు వరుసలు తేడాగా రావడం మొదలైంది. 2009 జనవరికి చెడిన వరుసలు బాగా పెరిగాయి. బయట కప్పిన ఇన్సులేషన్ దుప్పటి ముక్క ఊడి చూపుకి అడ్డం పడి ఉంటుందని దాన్ని నడిపేవాళ్ల అంచనా. 700 కిలోమీటర్ల ఎత్తున ఉన్నదాన్ని ఎవరు వెళ్లి సరిచేస్తారు?

అడ్డం పడితే వెలుగు కొంచెం తగ్గుతుంది, అంతే కదా అనుకోవచ్చు. కానీ ఈ పరికరం బతుకంతా ఆ వెలుగు లెక్క మీదే. గాలిలో చెదిరి పైకి తిరిగొచ్చే ఎండలో 317.5 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న కిరణాల్ని ఓజోన్ బాగా పీల్చేస్తుంది, 331.2 నానోమీటర్ల కిరణాల్ని పెద్దగా ముట్టుకోదు. ఆ రెండిటి నిష్పత్తిలోంచే ఓజోన్ ఎంతుందో తేలుతుంది. ఊడిన ముక్క వల్ల అసలు వెలుగు తగ్గింది, పైగా కక్ష్యలో కొంత మేర దాని మీద పడిన ఎండ లోపలికి చొరబడింది. అలాంటి వెలుగుతో లెక్క కడితే అంకె వస్తుంది గానీ నమ్మడానికి ఉండదు. అందుకే చెడిన వరుసలన్నిటికీ గుర్తు పెట్టి పక్కన పెట్టేశారు. ఒక రోజులో అయ్యే పనికి అప్పట్నుంచి సుమారు రెండు రోజులు పడుతోంది. వాళ్లు తలుచుకుంటే పక్క వరుసల అంకెలతో నింపేసి పటాన్ని నిండుగా చూపించగలరు. అలా చెయ్యలేదు.

మా తరగతి గోడ మీద గళ్ల కాగితంలో రోజుకో చుక్క పెడతాం. అంకె లేని రోజు గడి తెల్లగానే ఉంటుంది. ఒకసారి తొమ్మిదో తరగతి అమ్మాయి కాగితం ముందు నిలబడి వేలితో గళ్లు లెక్కపెట్టి, "మాస్టారూ, ఈ కాళీలు పదహారు రోజులకోసారి మళ్లీ అలాగే వస్తన్నాయేటి?" అంది. నిజమే. అప్పట్లో ఆరా 16 రోజులకోసారి మళ్లీ అదే దారి మీదకొచ్చేది, చెడిన వరుసలు మన నెత్తి మీద పడే రోజులూ అలాగే తిరిగొచ్చేవి. ఉపగ్రహం కక్ష్యని ఆ పిల్ల తెల్లగళ్లలోంచి పట్టుకుంది. ఆ రోజు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. తర్వాత సైన్స్ దినోత్సవానికి వచ్చిన ఒక పెద్దాయన, చూడ్డానికి బాగుంటుంది, మధ్యలో గీత కలిపెయ్యండి అన్నారు. కలపలేదు.

అయితే వానాకాలం మాట వేరు. మబ్బు కింద ఉన్న ఓజోన్ ఈ పరికరానికి కనపడదు. ఆ కాస్త భాగానికీ ఏళ్ల తరబడి సగటు తీసి పెట్టుకున్న అంకె కలుపుతారు. ఓజోన్‌లో చాలా భాగం మబ్బులకి ఎంతో పైన స్ట్రాటోస్ఫియర్‌లోనే ఉంటుంది కాబట్టి మొత్తం పెద్దగా చెడదు. అయినా కొలవలేని చోట అంకె వెయ్యదని పైన నేనన్న మాట ఎండాకాలానికి నిజమైనంతగా ఆషాఢ శ్రావణాలకి నిజం కాదు. మబ్బు దట్టంగా ఉన్న రోజుల చుక్కల్ని మేం పెన్సిల్‌తోనే పెడతాం.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి ఇంకో మాట. మన వైపు అంకె చలికాలంలో 250 డాబ్సన్ యూనిట్ల (నెత్తి మీద మొత్తం ఓజోన్‌ని కొలిచే కొలమానం) చుట్టుపక్కలకి దిగుతుంది. అంటార్కిటికాలో 220 కన్నా తగ్గితే ఓజోన్ రంధ్రం అంటారని చదివిన పిల్లలకి అది చూడగానే టెన్షన్. ఉష్ణమండలంలో తయారైన ఓజోన్‌ని పైగాలులు ధ్రువాల వైపు మోసుకుపోతాయి, ఇక్కడ తక్కువుండడం మామూలేనని ముందే చెప్పడం మంచిది.

కొనమనీ వద్దనీ చెప్పే సరుకు కాదిది, ఉచితమే. రోజూ అంకె తప్పక కావాలంటే 2011లో ఎగిరిన ఇంకో ఓజోన్ పరికరం ఓఎంపీఎస్ మేలు. ఇంకా సన్నగా చూడాలంటే 2017 నాటి ట్రోపోమీ అనే పరికరం ఉంది, కానీ దాని ఫైళ్లు బరువు, వానల్లో మా దగ్గర నెట్ అంతంత మాత్రం. నాకు కావలసింది పాఠం, పరిశోధన కాదు. అందుకే చిన్న ఫైళ్లూ పాత రికార్డూ ఉన్న ఓఎంఐతోనే సర్దుకుంటున్నాను. పెద్ద కాలేజీలో, మంచి లైన్ ఉన్న చోట ఉంటే నేనూ మారిపోయేవాణ్ణేమో.