కాంచనబురిలో మా డ్రైవరు 'లేదు' అన్న చోటు

థాయ్‌లాండ్‌లోని కాంచనబురి వెళ్లేవారు హోటల్లో అంటగట్టే రోజంతా వ్యాను యాత్రకు మాత్రం డబ్బు కట్టకండి. మేము ముగ్గురం 2,700 బాట్లు పోసి మోసపోయాం.

ముగ్గురం అంటే నేను, మావారు, మలేషియాలో పుట్టి పెరిగిన నా తెలుగు స్నేహితురాలు. ఆమె తాతగారి అన్నయ్య మలేషియాలోని పేరాక్‌లో కొబ్బరి తోట కూలీ. మూడు నెలల పని, మంచి కూలి అని చెప్పి 1943లో జపానువాళ్లు లారీ ఎక్కించారు. రెండో ప్రపంచ యుద్ధంలో జపానువాళ్లు థాయ్‌లాండ్ (అప్పటి సయాం) నుంచి బర్మాకు వేయించిన సయాం-బర్మా రైలు మార్గం పనికి వెళ్లిన ఆ మనిషి మళ్లీ ఇంటి ముఖం చూడలేదు. మా ప్రయాణమే ఆయన కోసం.

బ్యాంకాక్ థోన్‌బురి స్టేషన్ నుంచి మూడో తరగతి రైలుకు 100 బాట్లు. నది ఒడ్డున గది 850. రెండింటికీ వంక పెట్టడానికి లేదు.

వ్యాను ఎక్కే ముందే నాలుగు చోట్లు కాగితం మీద రాయించాం: ఆ రైలు మార్గంలోని క్వై నది వంతెన, సైనికుల సమాధులు, రైలు కోసం కొండను చీల్చిన హెల్‌ఫైర్ పాస్, వాట్ థావోర్న్ ఆలయంలో కూలీల స్మారకం. డ్రైవరు మమ్మల్ని ముందుగా ఏనుగుల శిబిరానికి, అక్కడి నుంచి రత్నాల దుకాణానికి తిప్పాడు. దుకాణంలోనే గంటన్నర పోయింది. మావారు బయట ఎండలో నిలబడి గడియారం చూసుకుంటూనే ఉన్నారు. హెల్‌ఫైర్ పాస్ చేరేసరికి మ్యూజియం మూసే వేళయింది. "అరగంటలో రావాలి" అన్నాడు. అక్కడ ప్రవేశం ఉచితం, కానీ ఆ చోటుకు అరగంట ఏ మూలకు? 25 మీటర్ల లోతున కొండను ఖైదీలు, కూలీలు సుత్తులతో, ఉలులతో చీల్చారు. రాతిలో వాళ్లు తొలిచిన రంధ్రాలు ఇప్పటికీ ఉన్నాయి. ఒక దానిలో వేలు పెట్టి చూశాను, సగం దాకా దిగింది. చేత్తో కొట్టి అంత నున్నగా ఎలా తొలిచారో!

తిరుగు దారిలో ఆలయం సంగతి ఎత్తితే, "కూలీలకు అలాంటి స్థలం ఏదీ లేదు" అనేశాడు. మావారు ఎన్నడూ గొంతు పెంచని మనిషి, ఆ రోజు పెంచారు. స్నేహితురాలు మాత్రం గదికి చేరేదాకా నోరు విప్పలేదు.

మర్నాడు పొద్దున్నే నడిచి బయల్దేరాం. ముందు సైనికుల సమాధులు చూశాం. జపానువాళ్లకు చిక్కి చనిపోయిన దాదాపు 7,000 మంది యుద్ధ ఖైదీలకు వరుసగా రాళ్లు, కత్తిరించిన గడ్డి, ప్రతి రాయి దగ్గరా పూల మొక్కలు. ముస్లిం శ్మశానాల్లో పూడ్చిన 11 మంది భారత సైనికుల పేర్లు కూడా ద్వారం దగ్గరే చెక్కి ఉంచారు. చూస్తే గౌరవం కలుగుతుంది. కానీ ఈ 415 కిలోమీటర్ల మార్గంలో చనిపోయిన ఖైదీలు 12,000కు పైగా అయితే, కూలీలు 80,000 నుంచి లక్ష వరకు ఉంటారని అంచనా. తమిళులు, తెలుగువాళ్లు, మలయాళీలు, బర్మావాళ్లు, జావావాళ్లు. ఖైదీల శిబిరాల్లో కనీసం వాళ్ల సొంత వైద్యులుండేవారు, చనిపోయినవాళ్ల లెక్క రాసిపెట్టేవారు. 1943 వానల్లో కలరా వచ్చినప్పుడు కూలీలకు ఆ దిక్కు కూడా లేదు. అందుకే వాళ్ల పేర్లు మిగల్లేదు.

డ్రైవరు లేదన్న ఆలయం అక్కడి నుంచి నడిచిపోయేంత దూరమే! గుంపుగా పూడ్చిన కూలీల అవశేషాలు అక్కడి స్తూపం కింద ఉన్నాయి. తమిళులు ఈమధ్యనే పక్కన ఒక రాయి నిలిపారు. వాళ్లు నడుకల్ అంటారు, చనిపోయినవారి గుర్తుగా నిలిపే మన వీరగల్లే. టిక్కెట్టు లేదు, గైడు లేడు, ఆ పొద్దున మేము తప్ప మరో యాత్రికుడూ లేడు.

స్నేహితురాలు చెప్పులు విడిచి, మల్లెదండ రాయి ముందు పెట్టింది. "పెద్దతాతా, వచ్చాం" అంది. ఆమె తెలుగు కొంచెం తడబడుతుంది, ఆ రెండు మాటలు మాత్రం తడబడలేదు. మావారు పక్కకు తిరిగి కళ్లు తుడుచుకున్నారు.

వంతెన మధ్యాహ్నం చూసినా నష్టం లేదు, ఎప్పుడు వెళ్లినా జనమే. ఈ ఆలయానికి మాత్రం పొద్దున్నే వెళ్లండి. పూలు దగ్గర్లో దొరకవు, దారిలో మార్కెట్లో దండ 20 బాట్లు, ముందే కొనుక్కోండి.