జాగ్రత్త: ‘21 రోజుల ఇంటి ఏరోబిక్స్’ వీడియోలు కొనేముందు ఇవి చూసుకోండి

99 రూపాయలకే 21 రోజుల ఏరోబిక్స్ వీడియోలు, స్టెప్పర్ (ఎక్కి దిగడానికి వాడే పొట్టి బల్ల) మీద డిస్కౌంట్, బరువు తగ్గకపోతే డబ్బు వాపస్. ఈ ప్రకటన చూసి బటన్ నొక్కబోతుంటే కాస్త ఆగండి. అమ్మేవాళ్ల పేరు ఇక్కడ రాయడం లేదు. రాసినా పెద్ద ఉపయోగం ఉండదు, ఇదే తరహా సరుకు నాలుగైదు పేర్లతో తిరుగుతోంది. గుర్తుపట్టాలంటే వీడియోనే చూడాలి.

మొదటి వీడియోలో వార్మప్ నిమిషం కూడా లేదు. చేతులు రెండుసార్లు తిప్పించి నేరుగా జంపింగ్ జాక్స్‌లోకి దించేశారు. అరగంట సెషన్‌కు కనీసం 5 నుంచి 10 నిమిషాల వార్మప్ కావాలి. ఉన్నచోటే మార్చింగ్, సైడ్ స్టెప్స్, భుజాలు తిప్పడం చేసి, ఒళ్లు వెచ్చబడి ఊపిరి వేగం పెరిగాకే గెంతులకు వెళ్లాలి. లేకపోతే పిక్కలు, మడమ వెనక భాగం పట్టేస్తాయి. చివర్లో కూల్‌డౌన్ కూడా లేదు, పాట ఆగగానే వీడియో అయిపోతుంది. వేగంగా చేస్తూ ఠక్కున నిలబడిపోతే రక్తం కాళ్లలో నిలిచి కళ్లు తిరుగుతాయి. మూడు నాలుగు నిమిషాలు నెమ్మదిగా నడిపించి ఆపడం ఏ ట్రైనర్‌కైనా తెలిసిన పనే.

అసలు ప్రమాదం పాట వేగంలో ఉంది. దీన్ని కొనకముందే, ఉచిత శాంపిల్‌లోనే పట్టుకోవచ్చు. ఫోన్‌లో టైమర్ పెట్టుకుని 15 సెకన్లలో ఎన్ని బీట్లు వస్తాయో లెక్కపెట్టి 4తో గుణించండి. స్టెప్పర్ మీద చేసేదానికి నిమిషానికి 118 నుంచి 128 బీట్లు సరిపోతాయి. కొత్తవాళ్లకు 120 దాటకపోతేనే మేలు. ఈ ప్యాకేజీలో స్టెప్పర్ సెషన్లకు 150 పైన వేగంతో పాటలు పెట్టారు. బేసిక్ స్టెప్ అంటే పైకి రెండు అడుగులు, కిందికి రెండు, మొత్తం 4 బీట్లు. 120 బీట్లకు నిమిషంలో 30 సార్లు ఎక్కి దిగుతారు. 152 అయితే 38 సార్లు. ఆ వేగంలో పాదం మొత్తం స్టెప్పర్ మీద ఆనదు, మడమ గాల్లోనే ఉండిపోతుంది, నడుము ముందుకు వంగిపోతుంది. మోకాలి చిప్ప చుట్టూ నొప్పి, మడమ వెనక నొప్పి మొదలయ్యేది ఇలాగే.

మరో తప్పు: కుడికాలితో మొదలుపెట్టి పాట సగం వరకూ కాలు మార్చలేదు. ముందు ఎక్కే కాలిని నిమిషం లోపు మార్చాలి. ఒకే కాలి మోకాలిని పదే పదే పైకెత్తే స్టెప్పులు (నీ లిఫ్ట్ రిపీటర్లు) వరుసగా 5 దాటకూడదు. ఇందులో 16 చేయించారు. స్టెప్పర్‌కు వీపు తిప్పి ముందుకు దిగడం కూడా ఉంది. దిగేటప్పుడు ఎప్పుడూ స్టెప్పర్ వైపే ముఖం ఉండాలి. పాదం దానికి ఒక బూటు పొడవు కంటే దూరంగా పడకూడదు, ముందు మునివేళ్లు ఆని తర్వాత మడమ దిగాలి.

చిత్రీకరణ మరీ దారుణం. ట్రైనర్ ముఖం, నడుము దాకానే కనిపిస్తుంది, పాదాలు ఫ్రేములో లేవు. ‘కుడి’ అంటూ తన కుడివైపు వెళ్తారు, ఎదురుగా చూసేవాళ్లకు అది ఎడమ. తర్వాతి స్టెప్ ఏమిటో మారడానికి 4 బీట్ల ముందే చెప్పాలి. ఇక్కడ మారిపోయాక చెబుతారు. దాంతో కాలు తడబడి పక్కకు మడతపడుతుంది.

స్టెప్పర్ లేకపోతే ఇంట్లో ఉన్న పీట వాడుకోమని ఒక వీడియోలో సలహా ఇచ్చారు. దయచేసి ఆ పని చేయకండి. పీటకు కింద రబ్బరు ఉండదు, విట్రిఫైడ్ టైల్స్ మీద జారుతుంది, అంచు మీద అడుగు పడితే తిరగబడుతుంది. డిస్కౌంట్‌లో పంపిన స్టెప్పర్ ఎత్తు 8 అంగుళాలు, తగ్గించుకునే వీలు లేదు. కొత్తవాళ్లకు 4 అంగుళాలు చాలు. ఎక్కినప్పుడు మోకాలు 90 డిగ్రీల కంటే ఎక్కువ మడిస్తే ఆ ఎత్తు మీకు ఎక్కువన్నట్టే. గెంతులకు పల్చటి యోగా మ్యాట్ కూడా పనికిరాదు, టైల్స్ మీద మ్యాటే కదిలిపోతుంది. రన్నింగ్ షూస్ ముందుకు పరిగెత్తడానికి చేసినవి. గ్రేప్‌వైన్ లాంటి పక్క అడుగులకు క్రాస్ ట్రైనింగ్ లేదా బ్యాడ్మింటన్ షూస్ నయం. స్టెప్పర్ ఎక్కి చేతులెత్తే ముందు సీలింగ్ ఫ్యాన్ ఎంత ఎత్తులో ఉందో ఒకసారి చూసుకోండి, నవ్వులాట కాదు.

‘అరగంటలో 600 కేలరీలు’ ఖర్చవుతాయన్న వాళ్ల మాటకు లెక్క కుదరదు. గెంతులతో కూడిన ఏరోబిక్స్‌కు శక్తి ఖర్చు విశ్రాంతిగా ఉన్నప్పటికంటే దాదాపు 7 రెట్లు. 65 కిలోల మనిషికి అరగంటలో సుమారు 230 కేలరీలు అవుతాయి. గెంతులు లేనిదైతే 160 దాకా. గుండె గరిష్ఠ వేగం లెక్కకు ‘220 లోంచి వయసు తీసేయండి’ అని అందరికీ ఒకటే సూత్రం చెప్పారు. బీపీకి బీటా బ్లాకర్ (గుండె వేగాన్ని తగ్గించే) మాత్రలు వేసుకునేవాళ్లకు ఆ అంకె తప్పుదారి పట్టిస్తుంది. చేస్తూ చిన్న వాక్యం మాట్లాడగలిగితే వేగం సరిగ్గా ఉన్నట్టు. గర్భిణులు, గుండె జబ్బు, మోకాళ్ల అరుగుదల ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడగకుండా మొదలుపెట్టవద్దు. ఆ హెచ్చరిక ఈ వీడియోల్లో ఎక్కడా లేదు.

ఇక డబ్బు. 99 రూపాయలు చెల్లిస్తున్నామనుకుని పిన్ కొడితే అది యూపీఐ ఆటోపే అనుమతి, అంటే గడువు వచ్చినప్పుడల్లా ఖాతాలోంచి డబ్బు దానంతటదే కోసుకునే ఏర్పాటు. పేజీలో చిన్న అక్షరాల్లో మూడు నెలలకోసారి 1,499 రూపాయలు అని ఉంటుంది. పిన్ కొట్టే ముందు గరిష్ఠ మొత్తం, ఎన్ని రోజులకోసారి, ఎప్పటి వరకు అన్న మూడు గడులు చదవండి. 15,000 రూపాయల లోపు కోతలకు మళ్లీ పిన్ అడగదు. కోతకు 24 గంటల ముందు మెసేజ్ వస్తుంది, దాన్ని ప్రకటన అనుకుని తుడిచేయకండి. వీడియోల యాప్ తీసేసినంత మాత్రాన ఆటోపే ఆగదు. మీ యూపీఐ యాప్‌లో ప్రొఫైల్ తెరిచి, ఆటోపే విభాగంలో ఆ అనుమతిని రద్దు చేసి, పిన్ కొట్టాలి.

రిఫండ్ షరతు చూస్తే నవ్వొస్తుంది. 21 వీడియోలూ పూర్తి చేస్తేనే డబ్బు వాపస్, కానీ కొన్న 7 రోజుల్లోపే అడగాలి. వీడియోలేమో రోజుకొకటే తెరుచుకుంటాయి.

‘ఇంకా 9 నిమిషాలే’ అనే టైమర్ పేజీ మళ్లీ తెరిస్తే మొదటి నుంచి మొదలవుతుంది. ఇలాంటి తప్పుడు తొందరనూ, సబ్‌స్క్రిప్షన్ ఉచ్చునూ కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 మార్గదర్శకాలు డార్క్ ప్యాటర్న్‌లుగా (కొనేవాళ్లను తప్పుదారి పట్టించే ఆన్‌లైన్ ఎత్తుగడలుగా) గుర్తించి నిషేధించాయి. ఇప్పటికే డబ్బు పోయినవాళ్లు ముందు ఆటోపే రద్దు చేసి, తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. ప్రకటన, చెల్లింపు పేజీ, రిఫండ్ షరతులు, బ్యాంకు మెసేజ్‌ల స్క్రీన్‌షాట్లు తేదీతో సహా దగ్గర పెట్టుకోండి. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు, గడువు రెండేళ్లు.