తొలి క్యారవాన్‌గా నాలుగు పడకల బంక్ మోడల్ ఎలా ఉంటుంది?

కారు వెనక తగిలించుకుని తీసుకెళ్లే క్యారవాన్లలో, చిన్నపిల్లలున్న ఇంటికి మొదటిసారి కొనడానికి ఏది నప్పుతుందంటే మా ఓటు ఒకే రకానికి. ఒకే యాక్సిల్, నాలుగు పడకలు, వెనక భాగంలో ఒకదాని మీద ఒకటి ఎప్పుడూ పరిచే ఉండే రెండు బంకులు, ముందువైపు ఎదురెదురు సోఫాలు. సామాను సర్దాక 1300 నుంచి 1400 కిలోల మధ్య తూగేది. లోపాలు లేవని కాదు, వాటిలో ఒకటి ప్రమాదకరమైనది కూడా. అయినా ఇదే ఎందుకంటే, రాత్రి ఎనిమిదింటికి పిల్లలు పడుకునే వేళ వల్ల.

ఆరు పడకలని రాసి ఉన్న మోడల్ చూస్తే ఎవరికైనా ఆశ పుడుతుంది. ఆ ఆరింటిలో చాలావరకు పగలు సోఫాలే. పిల్లలు కళ్లు నులుముకుంటూ నిలబడి ఉండగా టేబుల్ మడిచి పక్కన పెట్టాలి, సోఫాల కింద ఉన్న చెక్క పట్టీలు మధ్యకు లాగాలి, వీపు కుషన్లు తిప్పి సందులు పూడ్చాలి. ఏ కుషన్ ఏ మూలకు సరిపోతుందో చేతికి అలవాటయ్యేదాకా పావుగంట పని. అంతా అయ్యాక పెద్దవాళ్లకు కూర్చోవడానికి చోటు మిగలదు. పిల్లలు పడుకుంటే అందరూ పడుకోవాల్సిందే. బంకులుంటే కర్టెన్ లాగేసి, ముందు సోఫాల్లో ఇంకో రెండు గంటలు కబుర్లు చెప్పుకోవచ్చు. రోజంతా వాన పట్టినప్పుడు ఒకడు బంకు మీద, ఒకడు టేబుల్ దగ్గర ఉంటే సగం గొడవలు తగ్గుతాయి. పైగా కదిలే క్యారవాన్‌లో మనుషులు ఉండకూడదు, లోపల సీటు బెల్టులుండవు. కారులో ఐదు సీట్లుంటే ఆరో పడక ఎవరికి?

కొనేముందు చెప్పులు విప్పి లోపల పడుకుని చూడండి. సిగ్గుపడే పనేం కాదు. బంకు వెడల్పు సుమారు 60 సెంటీమీటర్లు, పొడవు చాలా మోడళ్లలో 1.8 మీటర్లలోపే. పై బంకు ఎంత బరువు ఆపగలదో దాని దగ్గరో, యజమాని పుస్తకంలోనో రాసి ఉంటుంది. పదేళ్ల పిల్లాడికి ఇవాళ సరిపోయిన బంకు ఇంకో నాలుగేళ్లకు చాలదు. అన్ని పడకలూ వేసి ఉన్నప్పుడు ఎవరి కాళ్లూ తొక్కకుండా టాయిలెట్‌కు వెళ్లగలరా అన్నది కూడా చూడాలి. కొన్ని లేఅవుట్లలో వెళ్లలేరు, అది మొదటి రాత్రే తెలుస్తుంది.

ఇక లోపాలు. మొదటిది, మోయగల సామాను తక్కువ. తలుపు దగ్గర స్టిక్కరు మీద గానీ యజమాని పుస్తకంలో గానీ రెండు బరువులు ఉంటాయి. ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పటి బరువు ఒకటి, దీన్ని మిరో అంటారు. సామానుతో సహా ఎప్పుడూ దాటకూడని గరిష్ఠ బరువు రెండోది, ఎంటీపీఎల్ఎం. మీరు వేసుకోగల సామాను ఈ రెండింటి తేడా మాత్రమే. మిరో 1200, గరిష్ఠం 1350 అనుకుందాం. తేడా 150 కిలోలు, వినడానికి బాగానే ఉంటుంది. లెడ్ యాసిడ్ బ్యాటరీ 25, క్యారవాన్‌ను రిమోట్‌తో కదిలించే మోటర్ మూవర్ 35, గుడారం లాంటి ఆనింగ్ దాని కడ్డీలతో 25. అక్కడికే 85 పోయాయి. మిగిలిన 65 కిలోల్లో నలుగురి బట్టలు, దుప్పట్లు, గిన్నెలు, కుర్చీలు, తిండి సామాను. పైగా ట్యాంకులో నీళ్లు నింపుకుని బయల్దేరితే లీటరుకు కిలో చొప్పున తోడవుతుంది, అందుకే నీళ్లు దిగాక పట్టుకోవడం మంచిది. మిరోలో బ్యాటరీ, గ్యాస్ కలిపారో లేదో కంపెనీని బట్టి మారుతుంది, పుస్తకం తెరిచి చూడాల్సిందే. కొన్ని మోడళ్లలో గరిష్ఠ బరువును కాగితం మీద కొంత పెంచి ఆ బరువు రాసిన కొత్త ప్లేటు ఇస్తారు. ఆ వీలుందా అని అమ్మేవాళ్లను కొనకముందే అడగండి.

కారు సంగతి కూడా ఇక్కడే తేలాలి. కొత్తవాళ్లకు ఎప్పట్నుంచో చెప్పే లెక్క: క్యారవాన్ గరిష్ఠ బరువు కారు ఖాళీ బరువులో 85 శాతం దాటకూడదు. ఇది సలహానే, చట్టం కాదు. కానీ తొలిసారి లాగేవాళ్లు దీన్ని పక్కన పెట్టొద్దు. 1600 కిలోల కారుకు 1360 వరకు, అంటే పై ఉదాహరణలో క్యారవాన్ అంచున నిలబడింది. కారు బరువుల ప్లేటు (నంబరు ప్లేటు కాదు) మీద మామూలుగా నాలుగు బరువులుంటాయి. రెండోది కారు, క్యారవాన్ కలిపి దాటకూడని బరువు. నలుగురు కూర్చుని డిక్కీ నిండా సర్దుకుంటే ముందుగా అడ్డొచ్చేది తరచుగా ఆ రెండో అంకే.

రెండో లోపమే ప్రమాదకరమైనది. బంకులు వెనక ఉంటాయి, ప్రయాణంలో ఖాళీగా కనిపిస్తాయి, చేతిలో ఉన్నదల్లా అక్కడికి విసిరేస్తాం. సైకిలు, ఆనింగ్ సంచి, నీళ్ల డబ్బాలు. వెనక కొస బరువెక్కితే ముందు కొక్కెం మీద బరువు తేలిపోతుంది. అలాంటి క్యారవాన్‌కు పెద్ద లారీ పక్కనుంచి దాటినా, దిగువలో వేగం పెరిగినా ఊపు మొదలై పాములా మెలికలు తిరుగుతుంది. స్టెబిలైజర్ హిచ్, అంటే ఘర్షణతో బిగించి పట్టే కొక్కెం, ఆ ఊపును కొంత అణుస్తుంది గానీ తప్పుగా సర్దిన సామానును సరిచేయదు. ఊగడం మొదలైతే గట్టిగా బ్రేకు తొక్కకూడదు, స్టీరింగ్‌ను ఎదురు తిప్పకూడదు. యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి, స్టీరింగ్ తిన్నగా పట్టుకుని వేగం దానంతట అది తగ్గేదాకా ఆగాలి.

రాకుండా చూసుకోవడం మాత్రం మన చేతిలోని పని. బరువైనవి నేల మీద, చక్రాలకు సరిగ్గా పైన. దిండ్లు, తేలిక బట్టలే పై అరల్లో. బంకుల మీద పక్కబట్టలు తప్ప ఏమీ వద్దు. కొక్కెం మీద పడే బరువును నోస్‌వెయిట్ అంటారు, ఇది సామానుతో ఉన్న క్యారవాన్ బరువులో 5 నుంచి 7 శాతం ఉండాలి. 1350 కిలోలకు 67 నుంచి 94 కిలోలన్నమాట. కానీ కారు వెనక బిగించే టోబార్ పరిమితి 75 అయితే అదే చివరి మాట. కొలవడానికి పెద్ద పరికరం అక్కర్లేదు. సమతలం మీద హ్యాండ్‌బ్రేకు వేసి, కొక్కెం కింద బాత్రూం కాటా పెట్టి, దాని మీద టోబాల్ (టోబార్ చివరి గుండు) ఎత్తుకు సరిపడే కర్రముక్క నిలబెట్టి, క్యారవాన్ ముందు కొసను ఎత్తి దించే జాకీ చక్రం నేలను వదిలేదాకా పైకి తిప్పితే కాటా మీద అంకె కనిపిస్తుంది.

వాడినది కొంటుంటే అందంకంటే ముందు తడి చూడాలి. మామూలు క్యారవాన్ గోడలో బయట అల్యూమినియం రేకో ఫైబర్ పలకో, మధ్యలో ఫోమ్, లోపల పల్చటి ప్లై, వాటిని పట్టి ఉంచే చెక్క చట్రం ఉంటాయి. ఆనింగ్ రెయిల్ వెనక సీలెంట్ ఎండి పగిలితే నీళ్లు స్క్రూల వెంట జారి చెక్కలోకి పోతాయి. లోపలి పక్క మచ్చ కనబడేసరికి చెక్క మెత్తబడి ఉంటుంది. ముందు కిటికీ కింది మూలలు, పై అరల లోపలి మూలలు, బంకు పరుపు ఎత్తి దాని వెనక గోడ, ఇవన్నీ బొటనవేలితో గట్టిగా నొక్కి చూడండి. అట్టలా లోపలికి పోతే అక్కడితో బేరం ఆపేయండి. తేమ మీటరులో 15 శాతంలోపు పర్వాలేదు, 20 దాటితే కారణం వెతకాలి, 30 దాటితే చట్రం దెబ్బతిని ఉండొచ్చు. తలుపు తీయగానే ఘాటుగా రూం ఫ్రెషనర్ వాసన కొడితే అనుమానించండి. తలుపు దగ్గర, సింకు ముందు మడమతో నొక్కి నడవండి. నేల మెత్తగా దిగి కిర్రుమంటే ప్లైకీ ఫోముకీ మధ్య అంటు వదిలిందన్నమాట. దీనికి రంధ్రాలు చేసి రెజిన్ ఎక్కిస్తారు, బాగవుతుంది. గోడ తడి అలా కాదు.

టైర్ల అరుగుదల చూసి మోసపోవద్దు. క్యారవాన్ టైరు అరిగి పోదు, ఎక్కువకాలం కదలకుండా నిలబడి, ఎండకు పగిలి పోతుంది. పక్క గోడ మీద నాలుగంకెల కోడ్‌లో మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. ఐదేళ్లు దాటితే మార్చే ఆలోచన చేయాలి, ఏడేళ్లు దాటితే గీతలు ఎంత లోతుగా ఉన్నా పనికిరాదు.

కరెంటు విషయంలో ఒక్క లెక్క చాలు. క్యారవాన్లు ఆపుకునే సైట్‌లో ఇచ్చే కనెక్షన్ 10 ఆంపియర్లయితే 230 వోల్టుల దగ్గర మొత్తం 2300 వాట్లు. రెండు కిలోవాట్ల కెటిల్, హీటర్ ఒకేసారి వేస్తే బ్రేకర్ పడుతుంది. గ్యాస్‌తో కూడా నడిచే ఫ్రిజ్ ఒక రోజు ముందే వేయాలి, నెమ్మదిగా చల్లబడుతుంది. క్యారవాన్ ఒరిగి ఉంటే సరిగ్గా పనిచేయదు. అందుకని పక్కవాటం చక్రం కింద ర్యాంపు పెట్టి, ముందూవెనక వాటం జాకీ చక్రంతో సరిచేసి, ఆ తర్వాతే నాలుగు మూలల కాళ్లు దించాలి. ఆ కాళ్లు కదలకుండా పట్టుకోవడానికే, లేపడానికి కాదు. వాటితో లేపితే బాడీ మెలిపడి అతుకులు వదులుతాయి. చలిరోజుల్లో సిలిండర్ ప్రొపేన్‌ది తీసుకోండి, సున్నా డిగ్రీల దగ్గర బ్యూటేన్ ఆవిరి కాక పొయ్యి వెలగదు.

పిల్లలు ఎదిగిపోతున్నవాళ్లకు రెండు యాక్సిళ్ల పెద్దది రోడ్డు మీద నిలకడగా ఉంటుంది, కానీ నాలుగు టైర్ల ఖర్చు, చేత్తో తిప్పాలంటే ప్రాణం మీదికొస్తుంది. మడిచే క్యాంపర్ చిన్నకారుకు మంచిదే, వానలో విప్పి మడవడానికి ఓపిక ఉంటేనే.

బండి అప్పగించే రోజు తగిలించడం అమ్మేవాళ్ల చేత కాదు, వాళ్ల ముందు మీరే చేయండి. స్టెబిలైజర్ హిచ్ అయితే టోబాల్ మీద గ్రీజు, పెయింటు ఉండకూడదు, అవి దాని ఘర్షణ ప్యాడ్లను పాడుచేస్తాయి. కొక్కెం పడ్డ చప్పుడు విని వదిలేయొద్దు. జాకీ చక్రాన్ని కిందికి తిప్పుతూ పోండి. కారు వెనక భాగం కూడా రెండు మూడు వేళ్ల ఎత్తు లేస్తే గట్టిగా పట్టినట్టు. క్యారవాన్ ఒక్కటే లేస్తే విప్పి మళ్లీ మొదటినుంచి తగిలించాలి. ఆ తర్వాతే బ్రేకవే కేబుల్ (కారు నుంచి విడిపోతే క్యారవాన్ బ్రేకు వేసేది), లైట్ల ప్లగ్గు, పక్క అద్దాలు.