రింగ్ స్లింగా, బకిల్ క్యారియరా?

నెల్లూరు ఎండల్లో బిడ్డను ఒంటికి కట్టుకోవాలంటే నేను ముందు చూసేది గాలి ఆడుతుందా లేదా అని. ఆ లెక్కన రింగ్ స్లింగే మేలు. ఒక భుజం మీంచి వేసుకునే పల్చటి నూలు గుడ్డ, దాన్ని బిగించడానికి రెండు రింగులు, అంతే. పాలివ్వడం సులువు, మడిస్తే సంచిలో పడుతుంది. "చంకనెత్తుకుంటే చాలదా?" అన్న మా అత్తమ్మే ఇప్పుడు దాన్ని ఎక్కువగా వాడుతోంది! కాకపోతే బరువంతా ఒక్క భుజం మీదే. పాప ఎనిమిది కిలోలు దాటాక అరగంటకే మెడ లాగేసింది. గుడ్డ సరిగ్గా బిగించడానికీ వారం పట్టింది.

మెత్తల పట్టీలను బకిళ్లతో బిగించుకునే బకిల్ క్యారియర్‌లో బరువు నడుముకూ రెండు భుజాలకూ పంచుకుంటుంది. రొట్టెల పండుగకి స్వర్ణాల చెరువు దగ్గర ఆ జనంలో తిరగడానికి నాకు అదే ధైర్యం. పట్టీలు సర్ది మా ఆయన కూడా వేసుకుంటాడు. కానీ మేలో ఆ దళసరి మెత్తలకి ఇద్దరమూ చెమటతో తడిసిపోతాం.

ఏది వేసుకున్నా పాప ముఖం కనబడాలి, గడ్డం ఛాతీకి ఆనకూడదు, మోకాళ్లు పిరుదుల కన్నా ఎత్తులో ఉండాలి. పొయ్యి దగ్గరా, స్కూటర్ మీదా రెండూ వద్దు. కొనేముందు తెలిసినవాళ్లది అడిగి ఓ పూట కట్టుకుని చూడండి.