30 డాలర్ల అడవి, 740 డాలర్ల చెమ్మ

అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రపు ఒలింపిక్ నేషనల్ పార్క్‌లోని హో రెయిన్ ఫారెస్ట్ చూడాలని ఉన్నవాళ్ళకి ముందే చెప్తున్నా, అడవికి వంక పెట్టడానికేమీ లేదు. కారుకి 30 డాలర్లు కడితే వారం రోజులపాటు పార్కంతా తిరగొచ్చు. తంటా అంతా ఆ అడవి పేరు చెప్పుకుని చుట్టుపక్కల నడిచే బసలతోనే. మేం 740 డాలర్లు పోసి చెమ్మ కొనుక్కున్నాం.

వెళ్ళింది నేను, మా ఆయన, మా అబ్బాయి, అత్తయ్యగారు, మావయ్యగారు. మావయ్యగారు ఇరిగేషన్ శాఖలో ఇంజినీరుగా చేసి రిటైరయ్యారు. వాన అనే మాట చెవిన పడితే చాలు, ఎన్ని మిల్లీమీటర్లు అని అడుగుతారు. హో లోయలో ఏడాదికి సుమారు 140 అంగుళాలు, అంటే మూడున్నర మీటర్లు పడుతుందని చెప్పగానే ఆయన బ్యాగు సర్దేసుకున్నారు. "వాన చూడ్డానికి అంత దూరం పోవాలా?" అని అత్తయ్యగారు. అక్కడ సిగ్నల్ ఉండదని తెలిసిన దగ్గర్నుంచీ మా అబ్బాయి ఎవరితోనూ మాట్లాడలేదు.

సియాటిల్‌లో ఫెర్రీ ఎక్కి బెయిన్‌బ్రిడ్జ్ దాటి, పోర్ట్ ఏంజెలెస్ మీదుగా ఫోర్క్స్ వైపు వెళ్ళాం. దారి బాగుంది, లేక్ క్రెసెంట్ ఒడ్డున అయితే మరీ బాగుంది. మధ్యలో సెక్విమ్ అనే ఊళ్ళో లావెండర్ తోటలున్నాయి. ఆ ఊళ్ళో ఏడాదికి పడేది సుమారు 16 అంగుళాలే! హో నుంచి తిన్నగా గీత గీస్తే 70 కిలోమీటర్లు కూడా ఉండదు. పసిఫిక్ మీంచి వచ్చే తేమ గాలులు ఒలింపిక్ కొండలకి తగిలి, పైకెక్కి, చల్లబడి పడమటి వైపే కురిసేస్తాయి. కొండ దాటి తూర్పుకి వచ్చేసరికి గాలిలో నీళ్ళు మిగలవు. మావయ్యగారు ఈ సంగతంతా టిష్యూ కాగితం మీద బొమ్మ గీసి మరీ మనవడికి చెప్పారు. వాడు విన్నట్టే తలూపాడు.

ఇక బస సంగతి. పేరు రాయను. పేరులో రెయిన్ ఫారెస్ట్ అనే మాట ఉంది, ఆ చుట్టుపక్కల అలాంటివి చాలానే ఉన్నాయి కాబట్టి అదేదో మీకు తెలియదు. రాత్రికి 279 డాలర్లు. రెండు రాత్రులు. శుభ్రం చేసినందుకు 65. 'సదుపాయాల' పేరుతో రోజుకి 25. ఆ సదుపాయాలు ఏమిటని అడిగితే పార్కింగ్, వైఫై అన్నారు. పార్కింగ్ అంటే గులకరాళ్ళ మీద కారు ఆపుకోవడం. వైఫై మా అబ్బాయి వాకిట్లో ఒక మూల, కుడిచెయ్యి పైకెత్తి నిలబడితే వచ్చింది. పన్నులతో కలిపి 740 దాటింది.

తలుపు తీయగానే బూజు వాసన. పరుపు మీద దుప్పటి చేత్తో తడిమితే అప్పుడే తీగ మీంచి తీసినట్టు చల్లగా, తడిగా తగిలింది. గోడ మూల కొత్తగా తెల్లరంగు వేశారు, ఆ రంగు కిందనుంచి నల్ల చుక్కలు మళ్ళీ మొలుస్తున్నాయి. హీటర్ వేస్తే గంటసేపు కాలిన దుమ్ము వాసన తప్ప వేడి రాలేదు. బయట నెగడు వేసుకోవడానికి కట్టెలు 12 డాలర్లకి ఒక మోపు అమ్మారు. తడి కట్టెలు! అగ్గిపెట్టె సగం ఖాళీ అయ్యాక మా ఆయన లేచి లోపలికొచ్చి పడుకున్నారు, ఆ రాత్రి ఇంక మాట్లాడలేదు.

వీటన్నిటినీ సర్దుకుపోదును. సర్దుకోలేనిది కిటికీ. బుకింగ్ పేజీలో 'అడవి కనిపించే గది' అని రాసి, నాచు పట్టిన చెట్ల ఫోటో పెట్టారు. కర్టెన్ తీస్తే ఎదురుగా నరికేసిన కొండవాలు. కనుచూపు మేర మోడులు, ఎండి బూడిదరంగు తిరిగిన కొమ్మల కుప్పలు. పార్కు సరిహద్దు దాటాక 101 హైవే పక్కన చాలా భూమి కలప కోసం పెంచే తోటలే, వరస పెట్టి నాటతారు, ఎదిగాక వరస పెట్టి కొడతారు. అది వాళ్ళ వ్యాపారం, నాకు అభ్యంతరం లేదు. దాన్ని అడవి అని నాకు అమ్మడం మీదే అభ్యంతరం.

అక్కడ మనిషంటూ ఎవరూ ఉండరు, ఫోన్ నంబరే. ఫోన్లో ఆవిడ చాలా మర్యాదగా, "ఇది రెయిన్ ఫారెస్ట్ కదండీ, తేమ కూడా అనుభవంలో భాగమే" అంది. డబ్బు వెనక్కి రాదు, కావాలంటే మళ్ళీ వచ్చినప్పుడు 15 శాతం తగ్గిస్తారట. మళ్ళీ వచ్చినప్పుడు! అత్తయ్యగారు ఈలోగా బాత్రూమ్‌లో ఉన్న హెయిర్ డ్రయర్ తెచ్చి దుప్పట్లు ఒక్కొక్కటీ ఆరబెట్టడం మొదలుపెట్టారు. "740 పెట్టాం, కరెంటైనా కాల్చుకుందాం" అన్నారు.

తమాషా ఏమిటంటే మేం వెళ్ళింది 2025 జూన్ చివర్లో, మేమున్నన్నాళ్ళూ అడవిలో ఒక్క చినుకు పడలేదు. అక్కడ వానల్లో ఎక్కువ భాగం అక్టోబరు నుంచి ఏప్రిల్ లోపే పడతాయి, ఎండాకాలం దాదాపు పొడి. మావయ్యగారు గొడుగు పట్టుకుని తిరిగారు, విప్పే అవసరం రాలేదు.

అడవికి పొద్దున్నే వెళ్ళండి. ఇది సలహా కాదు, షరతు. 101 నుంచి విడిపోయి నది పక్కనే లోపలికి వెళ్ళే అప్పర్ హో రోడ్డు 18 మైళ్ళు. 2024 డిసెంబరులో వరద ఆ రోడ్డుని కోసేస్తే, 2025 మేలో మళ్ళీ తెరిచారు. రోడ్డు చివర పార్కింగ్ చిన్నది. నిండాక ఒక కారు బయటికొస్తేనే ఇంకో కారుని లోపలికి పంపిస్తారు. మేం ఏడింటికల్లా గేటు దాటాం. మధ్యాహ్నం వెనక్కి వస్తుంటే ఎదురుగా ఆగిన కార్ల వరస చూసి మా ఆయన మొహంలో మొదటిసారి నవ్వు కనిపించింది. విజిటర్ సెంటర్ దగ్గర తినడానికేమీ దొరకదు, తిండి మీరే పట్టుకెళ్ళాలి. పెట్రోలు ఫోర్క్స్‌లోనే పోయించుకోండి.

అందరూ ఎగబడేది హాల్ ఆఫ్ మాసెస్ ట్రెయిల్‌కి. 0.8 మైలు చుట్టు, మొదట్లో కాస్త ఎక్కుడు. బాగుంటుంది, కాదనను. కానీ తొమ్మిదిన్నర దాటితే ప్రతి మేపుల్ చెట్టు కిందా ఎవరో ఒకరు ఫోటోకి నిలబడి ఉంటారు, వాళ్ళు కదిలేదాకా మనం నిలబడాలి. దాని పక్కనే స్ప్రూస్ నేచర్ ట్రెయిల్ ఉంది, 1.2 మైళ్ళు, చదునుగా నది ఒడ్డుదాకా వెళ్ళొస్తుంది. నా ఓటు దానికే. మోకాళ్ళ నొప్పులున్న అత్తయ్యగారు రెండూ నడిచి, "ఆ రెండోదే హాయిగా ఉంది, మనుషులు తక్కువ" అని తేల్చేశారు. నది నీళ్ళు పాలు కలిపినట్టు ఉంటాయి. పైన ఒలింపస్ కొండ మీద హిమానీనదాలు రాళ్ళని పిండిలా నూరుతాయి, ఆ పిండి నీళ్ళలో కలిసి వస్తుంది.

అక్కడి సిట్కా స్ప్రూస్ చెట్లలో 250 అడుగులు దాటినవి ఉన్నాయి. పైకి చూస్తే మెడ నొప్పే తప్ప కొస కనిపించదు. నేను కిందకే చూస్తూ నడిచాను. ఒక చోట పడిపోయిన దుంగ, నా నడుమెత్తు. ఎప్పుడు పడిందో, మీద మూడు వేళ్ళ మందాన నాచు. ఆ నాచులో వరసగా హెమ్లాక్ చెట్ల మొలకలు, ఒక్కోటి నా చిటికెన వేలంత కూడా లేదు, ప్రతి మొలకకీ పైన నాలుగైదు మెత్తటి ఆకులు. కింద నేల మీద ఫెర్న్‌లు, నాచు కిక్కిరిసి ఉంటాయి, విత్తనం పడ్డా బతకడం కష్టం. దుంగ మీద పడ్డదానికి వెలుతురూ తేమా దొరుకుతాయి. నర్స్ లాగ్ అంటారు దీన్ని. మొలకలు పెద్దవై వేళ్ళని దుంగ పక్కల నుంచి నేలలోకి దించుతాయి, వందల ఏళ్ళకి దుంగ కుళ్ళి మాయమవుతుంది, వేళ్ళ మధ్య ఖాళీ మిగులుతుంది. అందుకే అక్కడ మహావృక్షాలు తాడు పట్టి నాటినట్టు ఒకే వరసలో ఉంటాయి, కొన్నిటి వేళ్ళ కిందనుంచి పిల్లలు దూరి వెళ్ళొచ్చు. మావయ్యగారు అలాంటి వరస ఒకటి చూసి, వంగి, ఒక కన్ను మూసి లెవెల్ చూశారు. "ఈ దుంగ సరిగ్గా తూర్పు పడమరలుగా పడింది" అన్నారు. దుంగ అక్కడ లేదు, ఉన్నది చెట్లే.

మేపుల్ చెట్ల మీద వేలాడే నాచు చూసి చాలామంది చెట్టుకి జబ్బు అనుకుంటారు, అత్తయ్యగారూ అదే అడిగారు. జబ్బు కాదు. ఆ నాచు, ఫెర్న్‌లు చెట్టు నుంచి ఏమీ పీల్చుకోవు, వానలోంచి, గాలిలో దుమ్ములోంచి తమ తిండి తెచ్చుకుంటాయి. రాలినదంతా ఏళ్ళ తరబడి కుళ్ళి కొమ్మల మీదే మట్టి తయారవుతుంది. నళినీ నడ్కర్ణి అనే శాస్త్రవేత్త తాళ్ళు కట్టుకుని ఈ ఒలింపిక్ ద్వీపకల్పంలోని మేపుల్ చెట్లెక్కి చూస్తే, కొమ్మల్లోంచే వేళ్ళు పుట్టి ఆ మట్టిలోకి పాకి ఉన్నాయి. 1981లో సైన్స్ పత్రికలో వేశారావిడ. ఈ మాట చెప్పాక అత్తయ్యగారు చెట్టుని మళ్ళీ మొదట్నుంచీ చూశారు.

పెద్దవాళ్ళని విజిటర్ సెంటర్ దగ్గర బెంచీ మీద కూర్చోబెట్టి మేం ముగ్గురం హో రివర్ ట్రెయిల్ పట్టాం. మొత్తం 17 మైళ్ళ పైచిలుకు, బ్లూ గ్లేసియర్ దగ్గరి గ్లేసియర్ మెడోస్ దాకా. మొదటి మూడు మైళ్ళు దాదాపు చదును, ఎవరైనా నడవొచ్చు. సుమారు 3.2 మైళ్ళ దగ్గర ట్రెయిల్ పక్కకి కాస్త లోపల, నాచు దుంగ మీద ఒక చిన్న ఎర్ర రాయి ఉంటుంది. శబ్దాలు రికార్డు చేసే గోర్డన్ హెంప్టన్ 2005 ధరిత్రీ దినోత్సవం నాడు పెట్టాడు, మనిషి చేసే చప్పుడు చొరబడని చదరపు అంగుళం ఒక్కటైనా మిగలాలని. మేం కూర్చున్న పావుగంటలో పైనుంచి రెండు విమానాలు వెళ్ళాయి. మా అబ్బాయికి మాత్రం రాయి అక్కర్లేదు, దారి మధ్యలో అరచెయ్యంత బనానా స్లగ్, అంటే గుల్ల లేని నత్త, కనిపించింది. పసుప్పచ్చగా, మీద నల్ల మచ్చలు. అది దారి దాటేదాకా వాడు కింద కూర్చుని వీడియో తీశాడు. పదకొండు నిమిషాల వీడియో. అందరికీ చూపించాడు, వద్దన్నవాళ్ళకి కూడా.

తిరిగొచ్చేసరికి మావయ్యగారి చుట్టూ నలుగురు అమెరికన్లు. నది పాయ అవతల ఎల్క్ అనే పెద్ద జాతి దుప్పుల మంద మేస్తోంది, ఆయన వాళ్ళని "యాభై గజాలు, యాభై గజాలు" అని వెనక్కి జరుపుతున్నారు. నిబంధన నిజమే, జంతువులకి 50 గజాల దూరం ఉండాలి. రేంజర్ చెప్పాల్సిన మాట ఆయన చెప్తున్నారు, రేంజర్ పక్కనే నిలబడి నవ్వుతున్నాడు. వీటిని రూజ్‌వెల్ట్ ఎల్క్ అంటారు. ఒకప్పుడు గడియారం గొలుసుకి తగిలించుకునే పళ్ళ కోసం వీటిని విపరీతంగా చంపారు. 1909లో అప్పటి అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ ఈ ప్రాంతాన్ని రక్షిత ప్రదేశంగా ప్రకటించడానికి పెద్ద కారణం ఇవే. నేషనల్ పార్క్ అయింది 1938లో, ఇంకో రూజ్‌వెల్ట్, అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ సంతకంతో. పొదలనీ ఫెర్న్‌లనీ ఇవి మేసి పెడుతుంటాయి కాబట్టే ఆ అడవి అడుగున అంత తెరిపిగా ఉంటుంది.

భోజనం 101 మీద ఒక చిన్న హోటల్లో. బయటనుంచి చూస్తే ఆగబుద్ధి కాదు. బ్లాక్‌బెర్రీ పై ముక్క 7 డాలర్లు, పళ్ళెం నిండా వచ్చింది, వేడిగా, అడుగు కరకరలాడుతూ. ఈ ప్రయాణంలో డబ్బుకి తగ్గ సరుకు దొరికింది పార్కు గేటు దగ్గర, మళ్ళీ ఇక్కడ. అత్తయ్యగారు సగం తిని మిగతాది కట్టించుకున్నారు, రాత్రి ఆ కేబిన్‌లో ఏం తినాల్సొస్తుందో అని.

వెనక్కి దక్షిణం వైపునుంచి, లేక్ క్వినాల్ట్ మీదుగా వచ్చాం. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళూ, ఒక్క రోజే ఉన్నవాళ్ళూ హో సంగతి మర్చిపోయి నేరుగా ఇక్కడికే రండి. అదే రకం అడవి, అవే చెట్లు, మేం వెళ్ళినప్పుడు కారు వరస లేదు. చెరువు క్వినాల్ట్ ఆదివాసీ నేషన్‌ది, చేపలు పట్టాలంటే వాళ్ళ అనుమతి కావాలి. దక్షిణపు ఒడ్డు నేషనల్ ఫారెస్ట్ కిందకి వస్తుంది, అక్కడి అరమైలు నేచర్ ట్రెయిల్ దగ్గర పార్కింగ్‌కి రోజుకి 5 డాలర్లు. కాస్త అవతల 191 అడుగుల సిట్కా స్ప్రూస్, ప్రపంచంలో ఆ జాతిలో అతి పెద్దదిగా చెప్పేది. చుట్టుకొలత దాదాపు 59 అడుగులు. ఎత్తులో దీన్ని మించినవి హోలోనే ఉన్నాయి, లావులో కాదు.

1926లో కట్టిన లేక్ క్వినాల్ట్ లాడ్జ్‌లో గది తీసుకోలేదు, పచ్చికలో కుర్చీల్లో కూర్చున్నాం. కుర్చీలు పొడిగా ఉన్నాయి, అది చెప్పాలి. 1937లో ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ ఇక్కడ భోంచేసి వెళ్ళాడు, మరుసటేడు పార్కు వచ్చింది. మావయ్యగారికి అదేం పట్టలేదు. పొగగొట్టం గోడకి బయట వాన కొలిచే కొలబద్ద ఉంది, అంకెలు అంగుళాల్లో కావు, అడుగుల్లో! ఆయన దాని ముందు నిలబడి నాతో నాలుగు ఫోటోలు తీయించుకున్నారు, ఒకటి గొడుగుతో. తర్వాత లోపలికెళ్ళి డిసెంబరులో గది ఎంతవుతుందో కనుక్కొచ్చారు. ఎండాకాలం రేటులో సగానికి కాస్త ఎక్కువట. అందరం డిసెంబరులో వద్దామన్నారు.

"మీరు రండి," అన్నారు అత్తయ్యగారు. "ఎంత పడిందో ఫోన్ చేసి చెప్తే చాలు."