నామానికి తగిన క్రియ: నిఘంటువులో వెతకాలా, కార్పస్‌లోనా?

తెలుగులో తప్పునైనా, పరిశోధననైనా ‘చేస్తాం’ కాబట్టి, ఇంగ్లీషులో మిస్టేక్‌కు ‘మేక్’, రీసెర్చ్‌కు ‘డూ’ ఎందుకు వస్తాయో తర్కంతో తేలదు; నిఘంటువులోనో, కార్పస్‌లోనో (నిజంగా రాసిన, మాట్లాడిన వాక్యాలను పోగుచేసి, కంప్యూటర్‌లో వెతకడానికి వీలుగా ఉంచిన భాండారం) వెతికి చూసుకోవలసిందే.

ఖర్చు: ఏ పదానికి ఏ పదం జతగా వస్తుందో చూపే ఆక్స్‌ఫర్డ్ కొలొకేషన్స్ నిఘంటువు రెండవ కూర్పును (2009) కొనుక్కోవాలి. వంద కోట్ల పదాల అమెరికన్ కార్పస్ ‘కోకా’ను ఖాతా తెరిచి, పరిమితంగా ఉచితంగానే వాడుకోవచ్చు.

శ్రమ: నిఘంటువులో నామం కిందనే క్రియలు వరుసగా ఉంటాయి. కార్పస్‌లో వెతికే పద్ధతి నేర్చుకుని, వచ్చిన వాక్యాలను ఓపికగా చదవాలి.

ప్రమాదం: అసలు తేడా ఇక్కడే ఉంది. ‘డెసిషన్’కు బ్రిటిష్ వాడుకలో ‘మేక్’, ‘టేక్’ రెండూ చెల్లుతాయి, అమెరికన్లు ఎక్కువగా ‘మేక్’ అంటారు. నిఘంటువు రెండింటినీ చూపుతుంది గాని, ఏది ఎంత తరచుగా వస్తుందో అంకెల్లో చెప్పదు. కార్పస్ ఆ అంకెలు ఇస్తుంది. అయితే అమెరికన్ కార్పస్‌ను మాత్రమే నమ్ముకున్నవారికి, మన ఇంగ్లీషు పత్రికల్లో నిత్యం కనిపించే ‘టేక్’ తప్పుగా తోచవచ్చు. అది తప్పు కాదు.

పరీక్షకో, దరఖాస్తుకో రాసేవారికి నిఘంటువు చాలు. అనువాదకులు, పరిశోధక వ్యాసకర్తలు, ‘ప్రభావం చూపడాన్ని’ ‘షో ఇంపాక్ట్’ అనాలా, ‘హావ్ యాన్ ఇంపాక్ట్’ అనాలా అన్న సందేహం వదలనివారు కార్పస్‌నే ఆశ్రయించాలి.